వీధి మలుపు దాకా వచ్చిన డప్పులు

బేస్తవారం సాయంత్రమైతే కల్లూరులో మా వీధిలోకి ఊదు వాసన వస్తుంది. తలకు పచ్చగుడ్డ చుట్టుకున్న ఒక ఫకీరు గిన్నెలో నిప్పులు పెట్టుకుని, వాటిమీద ఊదు పొడి చల్లి, నెమలీకల కట్టతో విసురుకుంటూ కిరాణా కొట్టుకూ, ఇస్త్రీ బండికీ, కొత్తగా లేచిన మేడలకూ పొగ చూపించి పోతాడు. పొయ్యిమీద పాలున్నా సరే, నేను పోయి గేటు దగ్గర నిలబడతాను. దగ్గొస్తుంది, లోపలికి రమ్మంటాడు మా ఆయన. ఆయనకేం తెలుసు, నాకు పేరు పెట్టింది ఆ పొగలోనే.

నా పేరు ఉసేనమ్మ. నవ్వకండి. మాది ఆలూరు దిక్కు పల్లె, సేద్యం చేసుకునే ఇల్లు, ఇంటి దేవుడు నరసింహస్వామి. నాకు ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని మా అమ్మ పీర్ల చావిడి ముందర కొంగు పరిచి మొక్కుకుంది. నేను దక్కాను, పీరు పేరే పెట్టారు. అట్లాంటి ఉసేనమ్మలు, మౌలాలప్పలు, దస్తగిరమ్మలు మా ఊర్లో వీధికొకరు ఉండేవాళ్ళం, నుదుట బొట్టు పెట్టుకుని, తిరునాళ్ళకు పోయి, పీర్ల పండగకు మలీద తిని.

పీర్ల పండగ ఒక్కో కాలంలో వచ్చేది, ఒకసారి నల్లరేగడి నెర్రెలిచ్చే ఎండల్లో, కొన్నేళ్ళకు శనక్కాయ పెరికే రోజుల్లో. ఎప్పుడొచ్చినా చావిడి ముందు గుండంలో తుమ్మమొద్దులు రేయింబవళ్ళు కాలేవి, మా జేజి, అంటే నాయనమ్మ, రొట్టెలు నలిపి బెల్లం కలిపి మలీద ముద్దలు చేసేది, పిల్లలం అచ్చనగాయలు గిరాటేసి డప్పుల వెంట పరిగెత్తేవాళ్ళం. పట్టుగుడ్డలు చుట్టిన పెద్ద పీరును ఊరేగింపులో ఎత్తేది మా జేజినాయన రంగన్న, మా నాయనకు నాయన. పిలవకుండా ఆయనంతట ఆయన చావిడికి పోకూడదు, అది కట్టుబాటు. చావిడిని చూసుకునే ముజావరు కాశిం సాబు డప్పులతో, ఊదు గిన్నెతో మా గడపకు వచ్చి, "లేయ్ రంగన్నా, పీరు పిలుస్తాండాది" అనాలి. అప్పటిదాకా జేజినాయన ఒక్కపొద్దుండి, తడిపంచెతో నడవలో కూర్చునేవాడు.

మిగతా ఏడాదంతా కాశిం సాబు పరుపులు కుట్టేవాడు, సాయంత్రాలు మాత్రం మా ఇంటి ముందు బండలకట్ట మీద దేశాన్ని ఏలేవాడు. బస్సులో పేపరు ఎంత ఆలస్యంగా వచ్చినా మా కట్ట మీదకు వచ్చేది. పొరుగు దేశంతో మాట్లాడాల్నా, పోట్లాడాల్నా, క్రికెట్టు ఆడాల్నా మానాల్నా, మన మంత్రి వాళ్ళ మంత్రికి చేయెందుకిచ్చినాడు, ఇవీ వాళ్ళ తగవులు. చిత్రమేమంటే కాశిం సాబుది వేడి రక్తం, "ఒక్క దెబ్బ కొడితే దోవకొస్తారప్పా" అనేవాడు, జేజినాయన "యుద్ధమంటే శనగచేను కోసినట్లనుకున్యావా?" అని కసిరేవాడు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెచ్చి మధ్యలో పెడుతూ మా జేజి, "కానీండి, మీ మాట కోసం ఢిల్లీలో కాసుకోనుండారంట" అని ఎగతాళి చేసేది. ఇద్దరూ నవ్వి బజ్జీల మీద పడేవాళ్ళు.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఎక్కడో దూరంగా ఒక పెద్ద ఊర్లో ఉగ్రవాదులు బాంబులు పెట్టారు. పేపరు నిండా బొమ్మలు, నెత్తుటి చెప్పులు, ఏడ్చే తల్లులు. అవి చూసి కాశిం సాబు అన్నం మానేశాడని ఆయన పెండ్లాం మా జేజితో చెప్పింది. ఆ వారంలోనే పట్నం నుంచి ఒక నాయకుడు జీపులో వచ్చి, మా బడి ముందర మైకు పెట్టి, పొరుగు దేశంతో ఇక మాటల్లేవన్నాడు, ఈడ తిని ఆడ పాడేవాళ్ళు ప్రతి ఊర్లోనూ ఉండారన్నాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది, కాశిం సాబుతో సహా.

మరుసటి సాయంత్రం కట్ట మీద మాటలు తలకిందులైనాయి. ఆ బొమ్మలు చూసినప్పటినుంచీ జేజినాయన ఉడికిపోతున్నాడు, ఈసారి ఆయనే యుద్ధమన్నాడు. కాశిం సాబు ఎందుకో నిదానంగా, "పిల్లోళ్ళు సస్తారు రంగన్నా, మన పిల్లోళ్ళు గూడా" అన్నాడు. వాదన ఎక్కడెక్కడో పోయి, జేజినాయన పేపరు బండమీద కొట్టి, "ఆ మాట నాకు గాదు, మీవాళ్ళకు చెప్పుపో" అన్నాడు.

మీవాళ్ళు. అన్నాళ్ళూ ఆ కట్ట మీద మనవాళ్ళు, వాళ్ళు అనే మాటలే ఉండేవి. కాశిం సాబు టవలు దులుపుకుని లేచాడు. "సరే అన్నా," అన్నాడు. ఎప్పుడూ పేరు పెట్టి రంగన్నా అనే మనిషి. బజ్జీలు అట్లే చల్లారిపోయాయి. వెనక్కి పిలవయ్యా అని జేజి ఎన్ని విధాల చెప్పినా జేజినాయన కట్ట దిగలేదు. రేపొస్తాడులే అనుకున్నాడు. రాలేదు.

అంతలోనే పండగ వచ్చింది. జేజినాయన ఒక్కపొద్దున్నాడు, నీళ్ళు పోసుకున్నాడు, తడిపంచెతో నడవలో కూర్చున్నాడు. డప్పులు బయల్దేరాయి, దగ్గరికొచ్చాయి, ఊదు వాసన మా గుమ్మంలోకి వచ్చింది. ఆయన లేచి నిలబడ్డాడు, కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను. మా వీధి మలుపు దగ్గర డప్పులు ఆగాయి. చాలాసేపు ఆగి, మళ్ళీ మోగుతూ దూరమయ్యాయి. ఆ ఏడు పెద్ద పీరును వేరే ఊరి మనిషి ఎత్తాడు.

కాశిం సాబు పెండ్లాం తర్వాత మా జేజికి చెప్పి ఏడ్చింది. "మలుపు కాడ నిలబడినాడంట వదినా. పిలిస్తే వస్తాడో, మీవాళ్ళనే పిల్చుకోపో అంటాడో అని భయపడి మళ్ళుకున్యాడంట." ఇక్కడ ఈయన ఒక్క పిలుపు కోసం నిలబడి ఉన్నాడు, అక్కడ ఆయన ఆ పిలుపు గొంతులో పెట్టుకుని వెనక్కి పోయాడు. తలుచుకుంటే ఇద్దరినీ పట్టుకుని దులపాలనిపిస్తుంది. ఎవరి విదేశాంగ విధానమో ఏమో, మా ఇంటికీ చావిడికీ మధ్య ఉన్న నాలుగు ఇళ్ళ దూరాన్ని వాళ్ళిద్దరినీ దాటనీయలేదు. కలుస్తారు, కలుస్తారు అనుకుంటూండగానే కాశిం సాబు పోయాడు. జనాజాకు భుజం పట్టడానికి జేజినాయన పోతే కాశిం సాబు కొడుకులు అడ్డం చెప్పలేదు, రమ్మనీ అనలేదు; ఈయన వెనకాల నడిచి వచ్చాడు.

ఇంకోచోట ఇంకో దాడి జరిగిన ఏడు, హైస్కూల్లో నా పేరు విని పిల్లలు గుసగుసలాడారని మా నాయన నన్ను ఉషారాణిని చేశాడు. జేజినాయన నోట ఆ కొత్త పేరు రాలేదు, పాతదీ రాలేదు. పోయేదాకా నన్ను "మ్మే" అని పిలిచాడు, అంతే.

పోయిన బేస్తవారం మళ్ళీ ఒక దాడి వార్త. లోపల టీవీ అరుస్తోంది, ఎవరి ప్రభుత్వం చేతకానిది, ఎవరు ఎవరితో చేతులు కలిపారు అని. ఫకీరు గేటు దగ్గరకొచ్చాడు, ఇంకా మీసం సరిగ్గా రాని వయసు. మీ పేరు మీద దేవుడికి దువా చేస్తాను, పేరు చెప్పమన్నాడు.

"ఉసేనమ్మ," అన్నాను. ఎన్నేళ్ళయిందో నా నోటితో ఆ పేరు చెప్పి.

అతను నా బొట్టు చూశాడు, గేటు మీది నరసింహస్వామి బొమ్మను చూశాడు. అతని ముఖం చిన్నబోయింది.

"ఎగతాళి చేయొద్దమ్మా," అన్నాడు మెల్లగా. "రోజులు బాగలేవు."

కాదయ్యా, నిజంగానే నా పేరు, అనేలోపు గిన్నె తీసుకుని పక్కింటి దిక్కు పోయాడు. లోపల టీవీలో ఒకాయన ఇంకొకాయనకు వేలు చూపించి, ముందు మీవాళ్ళకు చెప్పండి అంటున్నాడు.