తెల్ల బానెట్ మీద పసుపు

మలేసియాలోని పోర్ట్ క్లాంగ్‌లో మా బావమరిది ఆరేళ్లు కష్టపడి ఒక పాత అమెరికన్ కారును బాగుచేసుకున్నాడు. మర్నాడే దాన్ని ప్రదర్శనకు తీసుకెళ్లాలి. పొడవాటి తెల్ల బానెట్, దానిపై రెండు నల్ల చారలు, ముఖం కనిపించేంతగా మెరిసే బంపరు, అన్నీ చూసి డైరీలో వరుసగా రాసుకున్నాను.

పెద్దవాణ్ణని పూజ నన్నే చెయ్యమన్నాడు. అతను కర్పూరం కోసం లోపలికి వెళ్లగానే, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బానెట్‌కు తడిపసుపు రాసి కుంకుమ అద్దాను. కొత్త రంగు ఇంకా గట్టిపడలేదని నాకు తెలియదు.

అతను తిరిగొచ్చి చూసి కంగారుపడితే, గుడ్డతో తుడిచాను; కుంకుమ పోయింది గానీ పసుపు పోలేదు.

"ఏటి బావా, అద్దానికెట్టీస్తే సరిపోను గదా!"

మళ్లీ తుడవబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంక ముట్టకు లా," అన్నాడు, మలేసియా వాళ్ల అలవాటు ప్రకారం మాట చివర "లా" తగిలించి.

గుడ్డ పక్కన పెట్టి డైరీ తీశాను. ఆ పేజీలో చివరి మాట: మచ్చ, అరచేతంత.