ఒంటె పైకి లేచినప్పుడు

నిన్న సాయంత్రం బీచ్ రోడ్డులో ఒంటె కనిపించింది. మెడలో అవే మువ్వలు, ఒంటికి అదే వాసన. మా ఈడు వైజాగ్ పిల్లలకి గుర్తుండే ఉంటుంది. మనం చీలమండల దాకా కూరుకుపోయే ఇసుకలో అది చేటల్లాంటి పాదాలతో హాయిగా నడిచిపోయేది. గాలికి ఇసుక లేస్తే మనం కళ్లు నులుముకునేవాళ్లం. అది మాత్రం పొడుగాటి రెప్పలు వాల్చి, ముక్కుపుటాలు మూసేసుకునేది. ఎడారిలో మూటలు మోసే ప్రాణి ఇక్కడ మనల్ని మోసింది.

ఒక్క సంగతి మాత్రం బళ్లో చదివిన ఒంటె పాఠంలో లేదు. ఒంటె ముందుగా వెనక కాళ్లు లేపుతుంది. రెండో తరగతిలో నేను అలాగే దాని మెడ మీదకి జారిపోయి, భయంతో నిక్కరు తడిపేసుకున్నాను. ఆదివారం కదా, మా క్లాసు పిల్లలు సగం మంది అక్కడే ఉన్నారు. ఒంటె మళ్లీ కూర్చున్నా నేను దిగనన్నాను.

వెంట వచ్చిన మా మామ్మ జాలారిపేటలో పుట్టి పెరిగిన మనిషి. నన్ను చంకనేసుకుని, కొత్త చీరతోనే తిన్నగా అలల్లోకి నడిచింది. ఇద్దరం నిలువునా తడిసి బయటికొచ్చాం.

"ఇదేటత్తా, కొత్త సీర!" అంది ఇంట్లో అమ్మ.

"అల సూసుకోనేదే. లాగీసింది," అంది మామ్మ.

పేటంతా నవ్వింది. "సముద్రం ఒడ్డున పుట్టి అల సూసుకోనేదేటి!" అని ఆడవాళ్లు చాలా రోజులు ఆటపట్టించారు. మామ్మ తలొంచుకుని చేపలు తోముకునేది. పక్కనే నేను, పొడి నిక్కరుతో.