‘ఎప్పుడూ లేదు’ అని రాసిన కాగితం

నాకు పుట్టుకతో గ్రహణమొర్రి. చిన్నప్పుడే కుట్టించారు గానీ పైపెదవి మీద గీత, ఒక పక్కకు ఒరిగిన ముక్కు అలాగే మిగిలిపోయాయి. బడిలో పిల్లలు ఏడిపిస్తారని నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. దేవుడిచ్చిన ముఖానికి వంక పెట్టకూడదని నేర్పిందీ ఆయనే.

కంప్యూటర్ ఉద్యోగాలకు మనవాళ్ళు వరసకట్టి సింగపూర్ వస్తున్న రోజుల్లో మేమూ వచ్చాం. ఆ గీతను సరిచేసే డాక్టరు ఉన్నాడని మావారు ఆఫీసులో ఎవరో చెప్పగా విని వచ్చారు. నేను సరేనన్నాను. అయితే ఆపరేషన్‌కి ముందు మనసు డాక్టరమ్మ నాతో మాట్లాడి ఒప్పుకోవాలట. పెదవికీ మనసుకీ ఏమిటి సంబంధమో నాకు బోధపడలేదు.

ముందు ఒక కాగితం ఇచ్చారు. మీ ముఖం గురించి బాధపడతారా, నలుగురిలో దాచుకుంటారా, ఇలా ఇరవై దాకా ప్రశ్నలు. నాన్న పెట్టినవి తప్ప నేను పరీక్షలు రాసి ఎరగను. తృప్తిగల మనిషినని తెలిస్తేనే ఒప్పుకుంటారనుకుని అన్నిటికీ ‘ఎప్పుడూ లేదు’ దగ్గర టిక్కు పెట్టాను.

డాక్టరమ్మ ఇక్కడే పుట్టిపెరిగిన తమిళావిడ. మాది చిత్తూరు కాబట్టి అరవం నాకూ వచ్చు. మావారిని బయట కూర్చోమని, కాగితం రెండుసార్లు తిరగేసింది.

“ఏ బాధా లేదని రాశారమ్మా. మరి ఆపరేషన్ ఎందుకు?”

“మావారు చాలా మంచివారండీ,” అన్నాను మళ్ళీ.

“అది ఇప్పటికి మూడుసార్లు చెప్పారు. నేనడిగింది మీ గురించి.”

బాధ ఉందంటే దేవుడి మీద చాడీ చెప్పినట్టు. లేదంటే ఇంటికి పొమ్మంటారు. నాకు వెళ్ళాలని లేదని అప్పుడే తెలిసింది. కానీ ఆ గీతే లేకపోతే నాన్న పక్కన కూర్చుని అన్నేళ్ళు చదువుకునేదాన్నా? ఆ ఏళ్ళు ఇచ్చినందుకే కదా రోజూ దీపం పెట్టి దండం పెట్టుకునేది?

“ఒక్కటి చెప్పనా?” అందావిడ. “గదిలోకి వచ్చినప్పటి నుంచీ మీ కొంగు నోటి మీదే ఉంది.”

చూసుకున్నాను. నిజమే. తీసి ఒళ్ళో పెట్టుకున్నాక ఆ చెయ్యి ఎక్కడ ఉంచుకోవాలో తెలియలేదు.

ఆవిడ కాగితం, పెన్ను నావైపు జరిపింది. నలుగురిలో దాచుకుంటారా అన్నచోట ముందు పెట్టిన టిక్కు కొట్టేసి ‘రోజూ’ దగ్గర పెట్టాను. మిగతావి ముట్టుకోలేదు. రెండు వారాలాగి మళ్ళీ రమ్మంది, ఆపరేషన్ సంగతి అప్పుడు చెబుతానంది.

ట్రైన్‌లో మావారు మెల్లగా, “పాసయ్యావా?” అన్నారు.

“ఒక్కదానికి నిజం రాశానండీ.”

“మరి మిగతావి?”

“ఇంకా తెలియదు.”

ఆయన నవ్వారు, మరి అడగలేదు. ఎదుటి కిటికీ అద్దంలో నా ముఖం కనిపిస్తోంది. పాయా లేబర్ స్టేషన్ దాటేలోపు చెయ్యి రెండుసార్లు కొంగు కోసం లేచింది. రెండుసార్లూ దించుకున్నాను. దేవుడికి దండం పెట్టుకున్నాను గానీ, క్షమించమనో, డాక్టరమ్మను ఒప్పించమనో నాకే తెలియలేదు.