తలకిందులైన మట్టి ముక్క

పోయిన వారం వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్‌కు బస్సులో పోతూ ఉంటే, దారి పక్కన ఎండిన చెరువులో పొక్లెయిన్లతో పూడిక తీయడం కనిపించింది. నల్లమట్టి ట్రాక్టర్ల నిండా పొలాలకు పోతోంది. చేనుకు బలం, చెరువుకు లోతు, తప్పుపట్టవలసిందేమీ లేదు. అయినా నిలువునా కోసిన ఆ మట్టిలో ఒకదాని కింద ఒకటిగా చారలు కనబడేసరికి ప్రాణం ఉసూరుమంది. నా ఉద్యోగపు తొలి ఏళ్ళన్నీ అలాంటి చారలను చదవడంలోనే గడిచాయి మరి.

మాది గద్వాలలో మగ్గాల ఇల్లు. చిన్ననాటి నుంచీ పోగులు లెక్కపెట్టిన కళ్ళు కాబట్టే కాబోలు, సూక్ష్మదర్శిని కింద పుప్పొడి రేణువులను లెక్కపెట్టే పనికి హైదరాబాదులో ప్రయోగశాల నడిపే మా సారు నన్ను చేర్చుకున్నారు. మన తరం వారిలోనూ ఈ పని తెలిసినవారు తక్కువ కనుక చెబుతాను. నీళ్ళు నిలిచే పల్లంలో ఏటేటా మట్టి పేరుకుంటుంది, దానితో పాటే చుట్టుపక్కల చెట్ల పుప్పొడీ, కార్చిచ్చుల బొగ్గు నలుసులూ పేరుకుంటాయి. అడుగున తడి ఆరనంత కాలం ఆ పుప్పొడి వేల ఏళ్ళయినా చివికిపోదు. గొట్టం దించి, పొరలు చెదరకుండా ఆ మట్టిని పైకి తీయగలిగితే, ఎప్పుడు వానలు నిండుగా పడ్డాయో, ఎప్పుడు అడవి పలచబడి గడ్డి పెరిగిందో చెప్పవచ్చు.

అట్లా మేము ఒక ఎండాకాలం అమ్రాబాద్ గుట్టల కింద, జొన్నచేల నడుమ ఉన్న ఒక చిత్తడి కుంటకు వెళ్ళాము. పక్క చేను ఒక అవ్వది. మేము మోకాలి లోతు బురదలో దిగి గొట్టం లాగుతూ ఉంటే గట్టు మీద నిలబడి చాలాసేపు చూసింది.

"గా బురదల ఏముందని గిట్ల మోస్తున్నరమ్మా?"

పాతకాలపు వానల సంగతి ఉందని చెప్పాను. ఆమె నవ్వలేదు.

"మా అత్త చెప్తుండె. ఆమె కాపురానికొచ్చిన యేడు కరువొస్తే, గీ కుంటల కలువ గడ్డలు తవ్వుకొని తిన్నరంట. అంతకుముందు అడివి మా చేన్ల దాక ఉండెనంట. నిజమో కాదో నాకు తెల్వదు, జర మీరే చూసి చెప్పుండ్రి."

మట్టిని మూడు ముక్కలుగా తెచ్చుకున్నాము. దారిలో వాన పడి రెండో ముక్క మీది చీటీ తడిసిపోతే, గుర్తున్నంత వరకు పైన ఏదో కింద ఏదో నేనే మళ్ళీ రాశాను. నెలల తరబడి లెక్కపెట్టాక ఒక చక్కని కథ తేలింది, అడవి ఒకసారి పోయి, మళ్ళీ వచ్చి, ఆ తరువాతే పూర్తిగా పోయిందని. పోయిన అడవి తిరిగి రాగలదన్నమాట! సారు ఎంతో సంతోషంగా వ్యాసం రాయడం మొదలుపెట్టారు.

ఆ రోజుల్లోనే కుంట దగ్గర రాసుకున్న నా నోటుపుస్తకం తిరగేస్తూ ఉంటే, రెండో ముక్క అడుగు కొసన నత్తగుల్ల కనిపించిందని నా చేతిరాతే ఉంది. ప్రయోగశాలలో ఆ గుల్ల దొరికింది పై కొసన. నేను ముక్కను తలకిందులు చేశాను. సరిగా పేర్చి చూస్తే, అడవి మళ్ళీ రానేలేదు.

మూడు రోజులు నోరు విప్పలేకపోయాను. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి, సారు ముఖంలోని సంతోషం ఒకటి. నాలుగో రోజు చెప్పాను. ఆయన రాస్తున్న కలానికి మూత పెట్టారు.

"ఎప్పుడు తెలిసింది?"

"మూడు రోజులైంది సార్."

"మూడు రోజులు ఎట్లా నిద్రపట్టిందమ్మా?"

రాసిన కాగితాలు పక్కన పెట్టి, ఒక్క గుల్లను నమ్మి ముక్కను తిప్పేయడం కూడా తప్పేనని, కొత్తగా మట్టి తీయడానికి నన్ను మళ్ళీ ఆ కుంటకే బయలుదేరదీశారు.

మేము వెళ్ళేసరికి ఊళ్ళో అందరూ కుంట మట్టిని చేలకు తోలుకుందామని చూస్తున్నారట. అవ్వ అడ్డుపడిందట.

"పట్నపామె వానల సంగతి జూస్తుంది, ఇంకొక యేడు ఆగుండ్రని మొత్తుకున్న" అన్నది. నేను చేసిన పని ఆమెకు చెప్పలేక తల వంచుకున్నాను.

కొత్త మట్టి నా తప్పును రుజువు చేసింది. అడుగున చెట్లు, పైకి వచ్చేకొద్దీ గడ్డి, నడుమ బొగ్గు. మరుసటి ఏడు వెళ్ళి, మీ అత్త చెప్పింది నిజమే అవ్వా, అడవి మీ చేల దాకా ఉండేదని చెప్పాను.

"మల్ల రాలేదా?"

"రాలేదవ్వా."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, గుట్టల వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ ఏడే వాళ్ళు కుంట మట్టిని తోలుకున్నారు.

అవ్వా లేదు, సారూ లేరు. నేను పదవీ విరమణ చేసి వనపర్తిలో ఉంటున్నాను. ఇప్పుడు ఆకాశం నుంచే అడవిని కొలుస్తున్నారు, మంచిదే. కానీ అత్త చెప్పిన కరువును కోడలు మనసులో దాచుకుని, దారిన పోయే మనిషిని నిజమా కాదా అని అడిగే కాలం మాత్రం పోయింది. మా ఇంట్లో నల్లా తిప్పితే నీళ్ళు వస్తాయి. నా కోడలు ఏనాడూ పాత కరువుల సంగతి అడగలేదు. అడగలేదని ఆమెను అనడం ఎందుకు, నేను మాత్రం ఏనాడు కూర్చోబెట్టి చెప్పాను?