సిస్టర్‌కు పోసిన ఒడిబియ్యం

మా జహీరాబాద్‌లో ప్రతిదానికీ ఒక సీజను ఉంటుంది. చెరకు నరికే సీజను, అల్లం తవ్వే సీజను. మా చర్చికి ఇంకొకటి ఎక్కువ. దసరా దాటి ఎండ మెత్తబడగానే విదేశాల నుంచి సేవ చేయడానికి మనుషులు దిగేవాళ్ళు. బడి గోడలకు రంగులేసేవాళ్ళు, పిల్లలకు చేతులు తిప్పుతూ పాటలు నేర్పేవాళ్ళు, మిర్చి బజ్జీ కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు. ఎండ ముదిరేలోగా అందరినీ కౌగిలించుకుని, మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు. మళ్ళీ ఏడాది వేరేవాళ్ళు వచ్చేవాళ్ళు.

వాళ్ళ మాటల్ని తెలుగులో చెప్పే పని నాది. నేను ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచర్ని. నిజం చెప్పాలంటే వాళ్ళ మీద నాకు పెద్ద గౌరవం ఉండేది కాదు. ముందు రోజు దిగినవాళ్ళు మరునాడే మా కష్టం మొత్తం అర్థమైపోయినట్టు మాట్లాడుతుంటే, ఆ మాటల్ని నా నోటితో చెప్పాల్సి రావడం ఒళ్ళు మండే పని.

నా భర్త ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఒకరోజు డ్యూటీ దిగి వస్తూ చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద లారీ గుద్ది పోయాడు. మాకు పిల్లలు లేరు. జ్ఞాపకార్థ కూటం కాగానే బీదర్ వైపు ఉండే మా అత్తగారు నా పెట్టె సర్ది, మరిదిని తోడిచ్చి, నన్ను మా అమ్మ ఇంటికి పంపేసింది. ఆ మరిది పెట్టె గడపలో దించి, చాయ కూడా తాగకుండా బస్సెక్కాడు. అప్పటినుంచి ఇంట్లో అమ్మా, నేనూ. పైన ఒక గది ఖాళీ.

ఆ ఖాళీ గదిలోకి ఒక ఏడాది ఆమె వచ్చింది. గుంపుతో కాదు, ఒంటరిగా, సీజను మొత్తం ఉండటానికి. యాభై దాటిన నర్సు. పొడుగు మనిషి, మా మెట్ల దగ్గర రోజూ తల కొట్టుకునేది. అందరం సిస్టర్ అనే పిలిచేవాళ్ళం. అమ్మ మాత్రం మొదటి వారంలోనే బిడ్డా అనడం మొదలుపెట్టింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు కదా, మా అమ్మకు పొరుగు దేశపు కూతురు దొరికింది అనుకున్నాను.

బడి అయిపోగానే, సెలవుల్లో అయితే పొద్దున్నే, ఆటోలో రాయికోడ్ వైపు ఊళ్ళకు వెళ్ళేవాళ్ళం. ఆమె పని కాళ్ళ పుండ్లు కడిగి కట్టు కట్టడం. చెరకు మోడు గుచ్చుకున్న కాళ్ళు, షుగరు వచ్చి మానని కాళ్ళు. కింద గోనెపట్టా పరుచుకుని కూర్చుని, ఒక్కో కాలూ ఒళ్ళో పెట్టుకుని కడిగేది. ముసలివాళ్ళు సిగ్గుపడి కాలు వెనక్కి లాక్కునేవాళ్ళు. ఒక పెద్దాయన నా వైపు చూసి, "మా కాళ్ళు ముట్టొద్దని జెప్పు తల్లీ, ఇంటికొచ్చిన ఆడామెతోని కాళ్ళు కడిగిపిచ్చుకుంటే పాపం దలుగుతది" అన్నాడు. నేను చెప్పాను. ఆమె నవ్వి, అయితే ఆ పాపం ఇద్దరం సగం సగం పంచుకుందామని చెప్పమంది. ఆయన కాలు చాపాడు. ఆ రోజు నుంచి ఆమె మాటలు చెప్పడానికి నాకు ఒళ్ళు మండలేదు.

ఆమె ప్రసంగాలు చేయలేదు. ప్రార్థన అడిగితే చేసేది, లేకపోతే కట్టు కట్టి లేచేది. ఇంటికొచ్చాక అమ్మ పక్కన పొయ్యి దగ్గర కూర్చుని జొన్నరొట్టె చరిచేది. అది మధ్యలో చిరిగేది, అంచుల్లో మందంగా ఉండేది. అమ్మ ఆ చిరుగు రొట్టెనే తన కంచంలో వేసుకునేది. నేను చిన్నప్పుడు చేసిన చిరుగు రొట్టెలకు మాత్రం నెత్తి మీద మొట్టికాయలు పడ్డాయి.

క్రిస్మస్ దగ్గర పడ్డ రోజుల్లో, ఆటోలో తిరిగి వస్తున్నప్పుడు ఆమె తన సంగతి చెప్పింది. అంతకు ముందు చలికాలం ఆమె భర్త చనిపోయాడట. "మీ ఇంట్లో మనుషుల చప్పుడు ఉంటుంది. మా ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు ఒక్కటే. అది వినలేక వచ్చాను" అంది. నేను నా సంగతి చెప్పాను. ఇద్దరం అల్లం బస్తాల లారీ వెనక దుమ్ము మింగుతూ కాసేపు ఏడ్చాం. ఆటో అతను అద్దంలో చూసి పాట ఆపేశాడు. నా భర్త పోయాక ఆ సంగతి నాతో అంత సూటిగా మాట్లాడింది ఆమె ఒక్కతే.

ఎండ ముదిరింది. ఆమె వెళ్ళే రోజు దగ్గరికొచ్చింది. అప్పుడు అమ్మ ఒక మాట అంది.

"రేపు బిడ్డకు ఒడిబియ్యం పోస్త."

మా తాత కాలంలోనే మా ఇల్లు క్రైస్తవ సంఘంలో చేరింది. బొట్టు పోయింది, బోనం పోయింది, ఒడిబియ్యం మాత్రం పోలేదు. పూజకు బదులు ప్రార్థన చేసి పోస్తాం. పెళ్ళయిన ఆడపిల్లను పుట్టింటికి పిలిచి, కొత్త చీర కట్టించి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు కొంగులో పోసి అత్తగారింటికి సాగనంపుతారు. ఆ బియ్యం ఆమె తన ఇంట్లో వండి నలుగురికీ పెట్టాలి. మొగుడున్న ఆడవాళ్ళకే పోస్తారు. నాకు పెళ్ళయిన మూడో ఏట ఒకసారి పోశారు. మళ్ళీ పోయాల్సిన ఐదో ఏడు రాకముందే నా భర్త పోయాడు.

పక్కింటి పెద్దమ్మ ఊరుకోలేదు. "మొగడు సచ్చినామెకు ఒడిబియ్యమా? ఏడనన్న ఉన్నదా గిట్ల?"

"ఆమె దేశంల గవన్ని లేవు" అంది అమ్మ.

"నీ ఇంట్ల ఉన్నయి గదా."

"ప్రభువు దగ్గర అందరు బిడ్డలే. నువ్వు జర కుడుకలు దెచ్చిపెట్టు, ముచ్చట్లు తర్వాత."

నేను గుమ్మం దగ్గరే నిలబడి విన్నాను. ప్రభువు దగ్గర అందరూ బిడ్డలే. మరి నేనెవరినో.

మరునాడు పాస్టరమ్మ, వీధిలో నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. సిస్టర్‌కు ఆకుపచ్చ చీర కట్టింది నేనే. ఆమె పొడుగుకు చీర చాలక చీలమండలు బయటికి కనిపిస్తుంటే అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. చాపమీద కూర్చోబెట్టారు. పాస్టరమ్మ ప్రార్థన చేసింది. అమ్మ దోసిలి నిండా పసుపు బియ్యం తీసి ఆమె కొంగులో పోసింది. సిస్టర్ అడిగినవన్నీ నేను ఆమె చెవి దగ్గర చెబుతున్నాను. ఇది దేనికి, అది దేనికి. 

చివర్లో కూతురు తన ఒడిలోంచి కొన్ని దోసిళ్ళు తీసి పుట్టింట్లో వదిలి వెళ్ళాలి, పుట్టిల్లు చల్లగా ఉండాలని. అమ్మ ఆమె ముందు పళ్ళెం పెట్టింది. నేను ఆమెకు చెప్పాను, ఇప్పుడు ఇందులోంచి కొంచెం ఈ ఇంటికి వదిలిపెట్టాలి అని.

ఆమె పళ్ళెం వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నా కొంగు పట్టుకుని లాగి, ఒక దోసిలి బియ్యం అందులో పోసేసింది.

ఆమె ఉద్దేశం నాకు తెలుసు. ఆమెకు ఈ ఇల్లంటే పళ్ళెం కాదు, నేను. కానీ వీధి ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పక్కింటి పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నా కొంగు బరువెక్కింది. అంత కొద్ది బియ్యానికి అంత బరువుంటుందని నేను మరిచిపోయాను. ఒక్క క్షణం, చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు సంతోషం వేసింది.

అమ్మ ముందుకు వంగింది. నా కొంగులో చెయ్యి పెట్టి ఆ బియ్యం తీసి పళ్ళెంలో వేయడం మొదలుపెట్టింది. మడతలో ఇరుక్కున్న గింజల్ని కూడా వేళ్ళతో ఏరింది. నా మొహం వైపు చూడలేదు. చీరకు పసుపు మరక మిగిలితే దాన్ని కూడా తన కొంగుతో తుడిచింది.

"నేనేమైనా తప్పు చేశానా?" అని ఆమె నన్ను అడిగింది.

"ఏమంటున్నది?" అంది అమ్మ.

"తప్పు జేసిన్నా అంటున్నది."

"ఏం లేదు, ఫికర్ జెయ్యొద్దని జెప్పు."

నేను ఆమెకు అదే చెప్పాను. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

మరునాడు కారు వచ్చింది. ఆమె అమ్మను పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. అమ్మ ఆ బియ్యం మూటను ఆమె సంచిలో బట్టల మధ్య తానే పెట్టి, ఇంటికి పోగానే వండమని, చుట్టుపక్కలవాళ్ళకు పెట్టమని, ఒక్కతే తినొద్దని నాతో మళ్ళీ మళ్ళీ చెప్పించింది. కారు హైవే ఎక్కేదాకా అమ్మ రోడ్డు మీదే నిలబడింది. నేను ముందే లోపలికి వచ్చేశాను.

ఆ వేసవి అంతా నేను అమ్మతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఉప్పు ఉందా, నీళ్ళు వచ్చాయా, అంతే. అమ్మ కూడా అడగలేదు. ఆదివారం చర్చిలో పక్కపక్కనే కూర్చుని ఒకే పాటల పుస్తకంలోకి చూసేవాళ్ళం. సిస్టర్ కడిగిన కాళ్ళను ఇప్పుడెవరు కడుగుతున్నారో కనుక్కోవాలని కూడా నాకు తోచలేదు. నా బాధే నాకు పెద్దదైపోయింది. సీజను ముగిస్తే వాళ్ళకు ముగుస్తుంది, అది తెచ్చిపెట్టిన రగడ మాత్రం మాకు మిగులుతుంది అని మనసులో తిట్టుకునేదాన్ని.

ఒకరోజు సాయంత్రం సిస్టర్ వీడియో కాల్ చేసింది. వెనక ఆమె వంటిల్లు కనిపించింది, శుభ్రంగా, ఒక గిన్నె కూడా బయట లేకుండా. అమ్మ మొదటి మాటే అడిగింది.

"బియ్యం వండినవా బిడ్డా?"

నేను అడిగాను. ఆమె కళ్ళు దించుకుంది. వాళ్ళ విమానాశ్రయంలో సంచి విప్పి చూసి, గింజలు లోపలికి తేకూడదని ఆ మూట తీసుకుని చెత్తడబ్బాలో పడేశారట. తాను బతిమిలాడిందట. ఇన్నాళ్ళూ ఆ మాట చెప్పలేకే ఫోన్ చేయలేదట. మరి ఎప్పుడొస్తావని అమ్మ అడిగితే, మోకాళ్ళు ఆపరేషన్ అంటున్నారు, ఇక అంత దూరం కుదరదేమో అంది.

నేను అన్నీ ఉన్నవి ఉన్నట్టే చెప్పాను. ఫోన్ పెట్టేశాక అమ్మ కుర్చీలో కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. "నా బిడ్డ ఒడిబియ్యం చెత్తల బోసిన్రా" అంటూ. అది చూసి నాలో ఇన్నాళ్ళు ఆపుకున్నదంతా పొంగింది.

"ఆమె బియ్యం చెత్తల బోసిన్రని ఏడుస్తున్నవు. నా కొంగులకెల్లి నువ్వే ఏరి తీసినవు గదమ్మా. నలుగురి ముందట. ఆమె మొగడు పోలేదా? నా మొగడే పోయిండా? ఆమెకు లేని సూతకం నాకేడిది?"

అమ్మ ఏడుపు ఆపింది. చాలాసేపు నా వైపే చూసింది. ఆ రోజు చూడని చూపంతా అప్పుడు చూసినట్టు అనిపించింది.

"సూతకం గాదు బిడ్డా" అంది. "ఒడిబియ్యం పోస్తే ఆడిపిల్లను ఇంట్ల ఉంచుకోరు. సాగదోలాలె. ఆమెకు పోను ఇల్లున్నది, ఒక్కతే ఉన్నా గని, సముద్రానికి ఆవల్నైనా గని. నీకు పోసి నిన్ను ఏడికి తోలాలె? బీదర్‌కా? ఆల్లు తలుపు దీస్తరా? గా బియ్యం నువ్వు ఏ ఇంట్ల వండుతవు?"

 "ఈడనే వండుత" అన్నాను.

"ఈడ వండితే అది ఒడిబియ్యం గాదు బిడ్డా" అంది అమ్మ. "ఉత్త బియ్యమే."

అలా అని నా చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుంది. ఇద్దరం చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాం.