ఇరవై నాలుగు గంటల డబ్బా

నేను కోడలిగా వచ్చిన ఈ పద్నాలుగేళ్లలో మా మామయ్యకూ నాకూ మధ్య జరిగిన మాటలన్నీ రాస్తే ఒక పేజీ నిండదు. అన్నం కావాలన్నా, నీళ్లు కావాలన్నా అత్తమ్మకు చెప్పేవాడు, ఆమె నాకు చెప్పేది. ఎదురుపడితే గోడవైపు చూస్తూ పక్కకు తప్పుకునేవాడు. కోపం కాదు, ఆయన పద్ధతి అది. అలాంటి మనిషి ఎప్పుడెప్పుడు మూత్రానికి వెళ్తున్నాడో కనిపెట్టే పని నా నెత్తిన పడింది.

ఆయన కాళ్లకు వాపు వస్తోందని బాన్సువాడలో డాక్టరుకు చూపించాం. వరికోతల రోజులు కావడంతో మా ఆయన కోత మిషన్ వెంట పొలంలో ఉన్నాడు. నేనే మామయ్యను ఆటోలో తీసుకెళ్లాను. మూత్రంలో ప్రొటీన్ ఎంత పోతోందో తెలియాలంటే ఒక రోజు మొత్తం మూత్రం పట్టి తేవాలన్నాడు డాక్టరు. ల్యాబులో అమ్మాయి ఐదు లీటర్ల తెల్ల డబ్బా నా చేతిలో పెట్టింది.

"రేపు పొద్దుగాల ఆరింటికి పోసేది పారబోయాలె అక్కా. ఆ తర్వాతదంత గీ డబ్బలనే పట్టాలె. ఎల్లుండి పొద్దుగాల ఆరింటిది గూడ. ఒక్క సుక్క బయటికి పోవద్దు. సల్లటి జాగల వెట్టుండ్రి."

ఆమె చెబుతున్నంతసేపూ మామయ్య గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు, ఎవరో పరాయివాళ్ల సంగతి అన్నట్టు.

మొదటి రోజు బాగానే మొదలైంది. స్నానాలగదిలో డబ్బా, పక్కన మగ్గు పెట్టాను. తొమ్మిదింటికి ఆయన కండువా భుజాన వేసుకుని కాలువ అవతల పొలానికి పోయాడు. ఒంటిగంటకు గానీ రాలేదు. నాలుగు గంటలు! నేను అడగలేక అత్తమ్మను అడగమన్నాను.

"ఏమయ్యా, నడుమ పోసినవా?"

"పోసిన."

"యాడ?"

"ఒడ్డు మీద. ఇంకెక్కడ పోస్తరు?"

ఒక్కసారికే ఏమవుతుందిలే అనుకుంటూనే ల్యాబుకు ఫోన్ చేశాను. ఆ అమ్మాయి నవ్వింది. "లెక్క తప్పైతది అక్కా. అంత పారబోసి మల్ల షురూ చేయుండ్రి." పారబోశాను. డబ్బా కడిగి ఎండలో పెట్టాను.

మర్నాడు ఖాళీ నీళ్ల సీసా ఒకటి సంచిలో పెట్టి ఇస్తే పామును చూసినట్టు చూశాడు. "నల్గురిల గిది వట్టుకోని తిర్గాల్నా?" అన్నాడు అత్తమ్మతో. అయితే ఇంటి దగ్గరే ఉండమన్నాం. రోజంతా మంచం మీద అలిగి కూర్చున్నాడు. సాయంత్రానికి డబ్బాలో లీటరు దాటింది. నాకు ఏదో గెలిచినంత సంతోషం. ఆరేసిన బట్టలు తేవడానికి మిద్దె మీదికి వెళ్లి దిగేసరికి అత్తమ్మ స్నానాలగది కడుగుతోంది. డబ్బా బోర్లించి ఉంది.

"అత్తమ్మా, ఏం చేసినవు?"

"శుక్రారం పూట దీపం వెట్టే యాళ ఇంట్ల గా కంపేంది? రేపు మల్ల పోస్తడు తియ్యి."

బట్టల మూటతో పాటు అక్కడే నేల మీద కూలబడ్డాను. ఎవరి మీద అరవాలో కూడా తోచలేదు.

మూడో రోజు పొద్దున మామయ్య చెప్పులు వేసుకుంటూ కనిపించాడు. ఇక నా వల్ల కాలేదు.

"ఏడికి పోతున్నవ్ మామా? పొలం యాడికి పోదు. రెండు దినాలసంది నీ డబ్బకు కావలి గాస్తున్న. నాకు మాత్రం సిగ్గు లేదా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మామయ్య చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నాడు.

"మా అన్న గూడ గిట్లనే డబ్బ నింపిండు బిడ్డా. అటెన్క వారానికి రెండుసార్లు రక్తం కడిగే మిషన్ మీద పండవెట్టిండ్రు. ఏడాది గాలె. పాయె."

నేను ఈ ఇంటికి రాకముందు సంగతి అది. అంటే ఆయన పొలానికి పోయింది మరిచిపోయి కాదు. డబ్బా నిండకపోతే రిపోర్టు రాదు, రిపోర్టు రాకపోతే రోగం లేదు. జాలేసింది. అంతకుమించి చిరాకేసింది. ఆ ఒక్క మాట మొన్ననే చెప్పి ఉంటే రెండు రోజులు మిగిలేవి కదా!

"డబ్బ నింపినందుకు పాయెనా మామా? ముందుగాల సూపిచ్చుకుంటే ఉంటుండెనేమో" అన్నాను.

ఆయన లేచి స్నానాలగదిలోకి వెళ్లాడు. ఆ రోజు గేటు దాటలేదు. లోపలికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ ఎవరితోనని కాకుండా, నాకు వినబడేటట్టు, "అయింది" అనేవాడు.

మర్నాడు డబ్బాను సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కి కాళ్ల మధ్య పట్టుకున్నాను. పక్కనున్న ఆమె, "నూనెనా అక్కా?" అని అడిగింది. కాదని చెప్పి సంచి మూతి ముడేశాను. ల్యాబు అమ్మాయి డబ్బా తీసుకుని నా వెనక ఎవరున్నారా అని చూసింది.

"పేషెంట్ యాడ? దీంతోని రక్తం గూడ ఇయ్యాలె."

"మొన్న చెప్పలేదు గద!"

"చెప్పిన అక్కా, మీరే మర్శినట్టున్నరు."

చెప్పలేదు. నేను ఎక్కడైనా ప్రమాణం చేస్తాను. పళ్లు బిగించి ఇంటికి ఫోన్ చేశాను. గంటలో మామయ్య బస్సులో ఒక్కడే వచ్చాడు. నేరుగా నా దగ్గరికి వచ్చి, "ఇంకేమన్న పోయమంటున్నరా?" అని అడిగాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రిపోర్టులో ప్రొటీన్ పోతోందనే ఉంది, కానీ భయపడినంత కాదు. రోజూ ఏ మందులు వాడుతున్నావని డాక్టరు అడిగితే, మామయ్య జేబులోంచి మోకాళ్ల నొప్పి గోళీల పట్టీ తీశాడు. మెడికల్ షాపులో తనే కొనుక్కుని రోజుకు రెండు చొప్పున ఏళ్లుగా మింగుతున్నాడట. ఇంట్లో ఎవరికీ తెలియదు.

"కిడ్నీలను పాడుజేస్తున్నయి గివే. ముందుగాల బందు వెట్టు పెద్దాయనా. ఉప్పు తగ్గించు" అన్నాడు డాక్టరు. మిషన్ మాట ఎత్తనేలేదు. మామయ్య కండువాతో ముఖం తుడుచుకుని, చాలాసేపు దాన్ని ముఖం మీదే ఉంచుకున్నాడు.

నెల తిరిగేసరికి కాళ్ల వాపు తగ్గింది. ఇప్పుడు మా పోరంతా ఉప్పుతో. మొన్న ఆయన పక్క దులుపుతుంటే దిండు కింద మామిడికాయ తొక్కు సీసా దొరికింది.

"గిదేంది మామా?"

"మీ అత్తది."

"నాదెట్లైతది?" అని అత్తమ్మ వంటింట్లోంచి లేచింది. ఇద్దరినీ అక్కడ వదిలేసి, సీసాను తీసుకెళ్లి నా బీరువాలో పెట్టి తాళం వేశాను. మూత సరిగ్గా పట్టలేదు కాబోలు, చీరలన్నీ తొక్కు వాసన కొడుతున్నాయి.