పొట్టు కలిపిన రాయి

కడపలో గోడలు కట్టే బేల్దారి పని చేసే గాబ్రియేలుకు 1954 ఎండాకాలంలో పూలతొట్ల పిచ్చి పట్టింది. మట్టికుండీలు ఎండకు పగిలి, భార్య జీవమ్మ నాటిన కనకాంబరాలు మాడిపోతుంటే చూడలేకపోయాడు. సిమెంటులో ఇసుక, వరిపొట్టు, కాస్త బొగ్గుపొడి కలిపి పాత గంప లోపల మెత్తాడు. పూర్తిగా గట్టిపడకముందే గంప తీసేసి, ఇనుప బ్రష్షుతో గీకి, తడి గోనెసంచి కప్పి ఆరనిచ్చి, పాతరాయిలా పాచి పట్టాలని పైన పుల్లమజ్జిగ పూశాడు. తొట్టి అచ్చం కొండరాతిని తొలిచినట్టే వచ్చింది.

"రాయి కాదంటే ఎవురు నమ్ముతారు!" అని నవ్వింది జీవమ్మ.

అలాంటి తొట్లు ఇంకా చేస్తే అమ్మిపెడతానని బండి కట్టుకొచ్చినవాడు పుల్లన్న. గాబ్రియేలుతో ఒకే వీధిలో పెరిగిన స్నేహితుడు.

"ఒక్క మాటప్పా. చేసిన రాయని చెప్పే అమ్ము," అన్నాడు గాబ్రియేలు.

"అట్లే చెప్తాలేప్పా."

ఏడాదిపాటు తొట్లు రాయచోటి దాకా పోయాయి. జనం మెచ్చుకుంటున్నారని పుల్లన్న చెబుతుంటే గాబ్రియేలుకు కడుపు నిండినట్టుండేది.

ఒకరోజు పొద్దున బట్టల వ్యాపారి భార్య కృష్ణవేణమ్మ, పగిలిన తొట్టి మోయించుకొని వచ్చింది. వెనకే పుల్లన్న. పగిలిన అంచులో వరిపొట్టు తేటగా కనిపిస్తోంది. వీధి వీధంతా గుమిగూడింది.

"ఏమప్పా, అహోబిలం కొండరాయని అంటగడతావా? సామి పేరు తలుచుకొని దాంట్లో తులసి నాటుకుంటిమే!"

గాబ్రియేలు పుల్లన్న వైపు చూశాడు. ఇప్పుడు నిజం చెబుతాడులే అనుకున్నాడు.

పుల్లన్న తలెత్తలేదు. "నాకేం తెలుసమ్మా. రాయేనని ఈయప్ప ఇస్తే నమ్మి తెచ్చినా."

జీవమ్మ ముందుకొచ్చింది. "చేసిన రాయనే చెప్పమని నీకు చెప్పినప్పుడు నేనీడనే ఉండా కదా, పుల్లన్నా!"

"మొగుని పక్షం కాక ఇంకేం మాట్లాడతావులేమ్మా."

గుంపులో ఎవరో నవ్వారు. ఆ నవ్వుకన్నా 'ఈయప్ప' అన్న మాటే గాబ్రియేలును కోసింది. ఇన్నేళ్ళలో పుల్లన్న అతన్ని అలా పరాయివాడిలా అన్నది లేదు.

ఆ తర్వాత పనికి పిలిచినవాళ్ళు సిమెంటు కలిపేటప్పుడు పక్కనే నిలబడి చూడసాగారు. గాబ్రియేలు అదీ భరించాడు.

చాన్నాళ్ళకు పుల్లన్న వాకిట్లోకి వచ్చాడు. "ఆ పొద్దు భయపడినానప్పా. మనసులో పెట్టుకోవద్దు."

"భయమని నాతో అనుంటే నీ పక్కన నిలబడేవాణ్ణి కదప్పా," అన్నాడు గాబ్రియేలు. కూర్చోమనలేదు.

పుల్లన్న వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. గాబ్రియేలు తొట్లు చేయడం మానలేదు గానీ, ఎవరి బండీ ఎక్కించలేదు. అడిగి వచ్చినవాళ్ళకు ఇది చేసిన రాయని తన నోటితోనే చెప్పి, తన చేత్తోనే ఇచ్చేవాడు.